గండి ఎక్కడ పడింది?

రావులపాలెంలో బస్సు దిగేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. శ్రావణమాసం. వాన లేదు, ఎండ లేదు, గాలి అసలే లేదు. మా అనంతపురంలో ఎంత ఎండైనా వేపచెట్టు కింద నిలబడితే చెమట ఆరుతుంది. ఇక్కడ నీడలో కూడా మనిషి ఉడుకుతాడు. కోనసీమ ఫొటోలు పెట్టేవాళ్ళెవరూ ఈ సంగతి చెప్పరు. కొబ్బరిబొండాం అరవై రూపాయలన్నాడు. చుట్టూ కనుచూపుమేరా కొబ్బరిచెట్లే. అదే అంటే, "ఎక్కేవాడు దొరకాలి కదండీ" అన్నాడు, నేను ఎక్కనందుకే ధర పెరిగినట్టు.

నేను వెళ్ళింది గుళ్ళ కోసం కాదు, పులస కోసమూ కాదు. పులస ధర రాజమండ్రిలోనే అడిగాను. పుస్తెలమ్మైనా తినాలంటారు గానీ మా ఆవిడ పుస్తెలు అంత తూగవు. వెళ్ళింది ఒక పాట కోసం. అది గోదావరి పాట కూడా కాదు. అమెరికాలో మిసిసిపీ నదిది.

అమెరికన్ పాటగాడు బాబ్ డిలన్ పిచ్చి నాకు హాస్టల్లో అంటుకుంది. 2001లో వచ్చిన ఆయన 'లవ్ అండ్ థెఫ్ట్' ఆల్బంలో 'హై వాటర్' అనే వరద పాట ఉంది. బాంజో టింగుటింగుమంటూ హుషారుగా సాగుతుంటే ఊళ్ళు మునిగిపోతుంటాయి. పేరు పక్కనే 'చార్లీ పాటన్ కోసం' అని పెట్టుకున్నాడు. పాటన్ మిసిసిపీ డెల్టాలో తిరిగిన నల్లజాతి బ్లూస్ గాయకుడు. 1927 వరద మీద 1929లో రికార్డు రెండు వైపులా నిండేటంత పాట పాడాడు. డిలన్ ఆల్బం విడుదలైంది 2001 సెప్టెంబర్ 11న. న్యూయార్క్‌లో ఆ రోజు ఏం జరిగిందో అందరికీ తెలుసు. అప్పట్నుంచీ ఆ పాటలో జోస్యం వెతికినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నీళ్ళంటే పాపం, శవపేటికలంటే నాగరికత, ఇలా ఒక నోటుపుస్తకం నింపాను. ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తోంది.

మా ఆఫీసులో ఒక కోనసీమ కుర్రాడున్నాడు. ఒకరోజు నా సోది అంతా విని, "వరద పాటే కావాలంటే మా పెద్దమ్మ దగ్గర ఉంది సార్, ఎనభై ఆరుది" అన్నాడు. అలా బయల్దేరాం.

మధ్యలో ధవళేశ్వరం, కాటన్ దొర విగ్రహం, గన్నవరం అక్విడెక్టు అన్నీ చూశాను, అవి అందరూ రాసినవే. అంబాజీపేటలో తిన్న పొట్టిక్కల గురించి మాత్రం ఒక ముక్క చెప్పాలి. పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ అది. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసం ఇంకో రెండు తిన్నాను. మా ఉగ్గాని బజ్జీకి పోటీ అని ఒప్పుకోను గానీ, పొట్టిక్క పొట్టిక్కే.

అసలు ప్రయాణం బూరుగులంక రేవు దగ్గర మొదలైంది. వేసవిలో ఇక్కడ నదీపాయ మీద తాత్కాలికంగా గట్టు వేస్తారు, బళ్ళు దాని మీదే పోతాయి. వరద రాగానే గట్టు కొట్టుకుపోతుంది. ఇక బూరుగులంక, ఊడిమూడిలంక, పెదపూడిలంక, అరిగెలవారిపేట జనానికి నెలల తరబడి పడవే గతి. మేం వెళ్ళిన పొద్దున్నే ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక తీసేశారు. అంటే నీటిమట్టం 11.75 అడుగుల కిందికి దిగిందన్నమాట. నాకది శుభవార్తలా వినిపించింది. ఎదురుగా మాత్రం ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి.

పడవలో ఇరవై మందిమి, రెండు మోటార్‌సైకిళ్ళు, నాలుగు గ్యాస్ బండలు, పాల క్యాన్లు, బడికెళ్ళొస్తున్న పిల్లలు. నేను అంచు పట్టుకుని బిగుసుకుపోయాను. పక్కన కూర్చున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ ఊరు బాబూ మనది?"

"అనంతపురం అమ్మా."

"ఆయ్, నీళ్ళుండవంట కదా."

అక్కడికి మా జిల్లా చరిత్ర అయిపోయింది. కోపం వచ్చింది గానీ అబద్ధం ఏముంది అందులో? మా ఊళ్ళో చిన్నప్పుడు వాన కోసం రోకలికి కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పుతూ పాడేవాళ్ళం. ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద చెంబెడు నీళ్ళు పోసేవాళ్ళు. నాకు తెలిసిన నీటి పాట అదొక్కటే, నీళ్ళు రమ్మని పాడేది. వచ్చేసిన నీళ్ళ మీద కూడా పాట కడతారని డిలన్ చెబితేనే తెలిసింది.

పెద్దమ్మగారికి డెబ్బై దాటాయి. అరుగు నా నడుమంత ఎత్తుంది. వసారా గోడకు రెండు మేకులు కొట్టి ఉన్నాయి. కింది మేకు నా మోకాలి దగ్గరుంది, అది 2022 జూలై వరద. పై మేకు చూడాలంటే తల ఎత్తాల్సొచ్చింది. అది 1986 ఆగస్టు. ఆ ఏడాది భద్రాచలంలో 75.6 అడుగులు, 2022లో 71.3. ఈ అంకెలు నేను ముందే చదివి వచ్చాను. వాటి మధ్య తేడా ఎంతో ఆ రెండు మేకులు చూస్తేగానీ అర్థం కాలేదు. పై మేకుకి పసుపు రాసి ఉంది. ఎందుకని అడిగితే, "గోదారమ్మ అంతవరకూ వచ్చి వెళ్ళింది కదా" అంది, ఇంటికొచ్చిన ముత్తైదువ గురించి చెప్పినట్టు.

నేను ఏడుపు పాట వింటాననుకుని ముఖం కూడా దానికి తగ్గట్టు పెట్టుకున్నాను. ఆవిడ ఊడ్పుల్లో పాడే వరసలో మొదలుపెట్టింది, మూడో పాదానికే నవ్వాపుకోలేక ఆగిపోయింది.

బూరుగులంక గట్టెక్కె
ఊడిమూడిలంక చెట్టెక్కె
పెదపూడిలంక కప్పెక్కె
మా అత్త గేదె మంచమెక్కె

పాటన్ కూడా ఇంతే. గ్రీన్‌విల్, లేలాండ్, రోజ్‌డేల్, విక్స్‌బర్గ్ అని ఊళ్ళ పేర్లు వరసగా అప్పజెబుతూ పోతాడు. నేనా పేర్లను కవిత్వం అనుకున్నాను. ఊరి పేరు వినపడితే మన వాళ్ళున్నారా అని చూసుకోవడానికి అని తోచలేదు.

గేదె మంచమెక్కడం నాకు తెగ నచ్చింది. లోకం తలకిందులవడానికి ప్రతీక అని లోపలి విమర్శకుడు లేచాడు. అదే వేరే మాటల్లో అడిగాను.

"ప్రతీకేంటి బాబూ, ఎక్కింది. టేకు పందిరిమంచం. కాళ్ళు ఆనక దాని మీదకెక్కి నిలబడింది. రెండ్రోజులు దిగలేదు. దిగాక మంచం కోళ్ళు ఊడిపోయాయి, మా అత్త గేదెని తిట్టలేదు, మా మామని తిట్టింది."

2022లో ఇంకో చరణం కలిపారట. "సెల్లు పట్టినోళ్ళు వందమంది, తెడ్డు పట్టినోళ్ళు ఇద్దరు." అది వింటున్నప్పుడు నేను సెల్లు పట్టుకునే ఉన్నాను.

తర్వాత ఆవిడే, "మీ దొర పాట పెట్టండి, విందాం" అంది. పెట్టాను. ఒక్కో పాదానికీ నా తెలుగులో అర్థం చెబుతూ పోయాను. నీళ్ళు తలకి జానెడు పైకొచ్చాయట, వీధిలో శవపెట్టెలు పడుతున్నాయట అన్నాను. "శ్మశానం మునిగితే పైకి తేలవా మరి?" అంది. నా నోటుపుస్తకంలో ఆ పెట్టెలకి రెండు పేజీలు కేటాయించాను.

పాట అయ్యాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "గండి ఎక్కడ పడింది?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న. నేనూ ఎవర్నీ అడగలేదు. కానీ జవాబు నాకు తెలుసు, ఎక్కడో చదివి వదిలేశాను. మౌండ్స్ లాండింగ్ అనే చోట, 1927 ఏప్రిల్ 21న. ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేసింది నల్లవాళ్ళే, తెగాక గట్టు మీద శిబిరాల్లో కాపలా పెట్టి వాళ్ళనే ఉంచేశారు. ఎత్తు ప్రాంతానికి పోదామంటే పోనివ్వలేదని పాటన్ పాటలోనే ఉంది. ఇదంతా చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"గట్టు మీంచి దిగనివ్వలేదా? మమ్మల్ని గట్టు మీద పెట్టి పొట్లాలైనా ఇచ్చారు." కాసేపాగి, "ఈ పాడినాయన అక్కడే ఉన్నాడా అప్పుడు?"

లేడని చెప్పడానికి ఇబ్బందిపడ్డాను. డిలన్ పుట్టిందే 1941లో, పెరిగింది ఎక్కడో ఉత్తరాన ఇనుప గనుల ఊరు హిబ్బింగ్‌లో. ఆ పాట పుట్టింది పాటన్ రికార్డులోంచి. డిలన్ వరసలు కూడా చాలా పాతవే, 'బ్లోయిన్ ఇన్ ద విండ్' వరస బానిసల కాలం నాటి పాటది. దొంగ అని తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఆల్బం పేరులోనే దొంగతనం ఉంది, దాన్ని కూడా ఒక చరిత్ర పుస్తకం మీంచి తీసుకున్నాడని చెబుతారు. ఇవన్నీ వకీలులా వరసపెట్టి చెప్పాను.

"చూడకుండానే పాడాడన్నమాట."

ఇక చీవాట్లే అనుకున్నాను.

"నేను మాత్రం చూశానా? ఎనభై ఆరులో మా రెండోవాడి పురిటికి పుట్టింట్లో ఉన్నాను. గేదె సంగతి మా అత్త చెప్పిందే." లేచి, "పెరుగన్నం తినండి, చివరి పడవ వెళ్ళిపోద్ది" అంది.

మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆ కథ ముప్పై ఏళ్ళుగా కళ్ళారా చూసినట్టు విన్నాడట.

తిరుగు పడవలో ఇద్దరికీ కలిపి వంద తీసుకున్నాడు. వచ్చేటప్పుడు నలభై. చీకటి పడింది కదండీ అన్నాడు. బేరమాడే ఓపిక లేదు, నీళ్ళ వంక చూసే ధైర్యమూ లేదు.

రాజమండ్రి బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగ్ విన్నాను. మొదటి ఎనిమిది నిమిషాలు పక్కింటి నీళ్ళ మోటారే. మా ఇద్దరి మాటలూ ఎక్కడో నుయ్యిలోంచి వస్తున్నాయి. సరిగ్గా బూరుగులంక గట్టెక్కే చోట మోటారు టక్కున ఆగిపోయింది. కరెంటు పోయినట్టుంది, అక్కడున్నప్పుడు నేను గమనించనే లేదు. గేదె మంచమెక్కేదాకా ప్రతి మాటా స్పష్టంగా ఉంది. తర్వాత కరెంటొచ్చింది.