రివ్యూ ఆల్బమ్‌కా, వయసుకా?

అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ ఆల్బమ్ 'సెవెన్ సామ్స్' (అంటే ఏడు కీర్తనలు) 2023 మే 19న వచ్చింది. అప్పట్లో ఒకసారి పెట్టి, పదో నిమిషం దగ్గర ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టి, ఆ తర్వాత దాని జోలికే పోలేదు. మొన్నొక రాత్రి నిద్ర పట్టక మళ్లీ పెట్టాను. ఈసారి చివరిదాకా విన్నాను, అయిపోయాక వెంటనే ఇంకోసారి విన్నాను. ఆ ఊపులోనే అప్పుడు దీని గురించి ఎవరేం రాశారో చూద్దామని పాత రివ్యూలు తీశాను. అక్కడే చిర్రెత్తుకొచ్చింది.

తిట్టారని కాదు. నేను చదివినవాళ్లు దాదాపు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకున్న తీరే నాకు మింగుడుపడలేదు. ఎనభై ఒక్కేళ్ల మనిషి, చావు గురించి ఆలోచిస్తున్నాడు, గడిచిన బతుకుని నెమరేసుకుంటున్నాడు, ప్రశాంతంగా సెలవు తీసుకుంటున్నాడు, ఇదే వరస. పెద్దాయన గదిలోకి వస్తే లేచి కుర్చీ ఇచ్చినట్టుంది తప్ప, కూర్చున్నాక ఆయనేం మాట్లాడాడో విన్నట్టు లేదు.

నిజానికి ఇందులో వినాల్సింది చాలా ఉంది. ఏడు భాగాలు, 33 నిమిషాలు, మొత్తం కలిపి ఒకటే ట్రాక్, కాబట్టి నచ్చిన పాటకి దూకుదామంటే కుదరదు. 2019 జనవరి 15న ఆయనకో కల వచ్చిందట, 'సెవెన్ సామ్స్' అనే పేరుతో నువ్వొకటి రాయాలి అని. ఆ తర్వాత వారంలో రెండు మూడుసార్లు తెల్లవారుజామున లేచి, అప్పుడు తట్టిన మాటలు రాసుకునేవాడినని ఆయనే చెప్పాడు. చాలావరకు ఒక్క అకూస్టిక్ గిటారే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే వేళ్లు తీగ మీద జరిగేటప్పుడు వచ్చే ఆ చిన్న గీరుడు కూడా వినబడుతుంది, దాని వెనక ఎక్కడో గంటల్లాంటి మోత ఒకటి వచ్చి పోతుంది. మొదట్లో వచ్చిన గిటారు వరస మధ్యలో మళ్లీ తలుపు తట్టినట్టు వస్తుంది, కానీ ఈలోపు విన్న మాటల వల్ల అదే వరస వేరేలా అనిపిస్తుంది. రెండోసారి విన్నప్పుడు గానీ నాకిది తెలియలేదు. తొందరపడి వినే రకం ఆల్బమ్ కాదిది, తప్పు నాదే.

పేరులో 'కీర్తనలు' ఉంది కదా అని అంతా స్తుతే అనుకుంటే పొరపాటు. మొదటి భాగంలో దేవుడు నా ఇంజనీర్ అంటాడు, కాసేపటికి కోవిడ్ వైరస్ కూడా దేవుడే అంటాడు, పొంగుతున్న సముద్రం కూడా. మూడో భాగంలో రెండు ఆవులు మాట్లాడుకుంటాయి, ఒకటి ఇంకోదాన్ని ఏదో అంటుంది, దానికి దేశంలో ఉన్న ఆవులన్నీ బాధ్యత వహించాలని ఒక నిపుణుడి తీర్పు! సోషల్ మీడియాలో రోజూ చూసే గొడవే కదా ఇది. నేను పగలబడి నవ్వాను. కానీ నేను చదివిన రివ్యూల్లో ఈ ఆవులకి ఒక్క వాక్యం కూడా దక్కలేదు, బహుశా ప్రశాంతంగా సెలవు తీసుకునే ముసలాయన బొమ్మలో అవి ఇమడలేదేమో.

ఇక చివరి భాగం పేరే 'వెయిట్'. ఆగు, నేనింకా సిద్ధంగా లేను, ఇప్పుడే సామాను సర్దుకుంటున్నాను, చెయ్యి వణకడం లేదు, బుర్ర బాగానే పనిచేస్తోంది అంటున్నాడు. ఇది చావుకి తలవంచడం ఎలా అవుతుంది? బతిమాలుతున్నాడు కదా! అప్పుడు ఆయన భార్య ఈడీ బ్రికెల్ గొంతు కలుస్తుంది, చివరికి ఇద్దరూ కలిసి ఆమెన్ అంటారు. అక్కడ నాకు గొంతు పట్టేసింది, అది వేరే విషయం.

రివ్యూలు రాసేవాళ్లకి ఈ జబ్బు కొత్తదేం కాదు. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1997 మేలో గుండె చుట్టూ ఉండే పొరకి ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేరాడు. సెప్టెంబర్‌లో ఆయన ఆల్బమ్ 'టైమ్ అవుట్ ఆఫ్ మైండ్' రాగానే చాలామంది అందులో చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషిని వినేశారు. ఆ పాటలు రికార్డ్ చేసింది జనవరిలో, అంటే జబ్బు పడటానికి ముందే. అప్పటికి ఆయనకి యాభై ఐదేళ్లే. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ విషయం ఇంకా విచిత్రం. ఆయన ఆల్బమ్ 'బ్లాక్‌స్టార్' 2016 జనవరి 8న వచ్చింది, మొదటి రివ్యూలు ఆ జాజ్ వాద్యగాళ్ల గురించి, ఆ శాక్సఫోన్ గురించి హాయిగా రాశాయి. 10న ఆయన పోయాడు. ఇక ఆ తర్వాత శాక్సఫోన్ సంగతి ఎవరిక్కావాలి, ప్రతి మాటా వీడ్కోలే అయిపోయింది. ఆయన జబ్బు తెలిసే చేశాడు కాబట్టి ఆ అర్థం అందులో ఉంది, కాదనను. అయినా రెండు రోజుల్లో ఆ రికార్డులో ఒక్క స్వరం కూడా మారలేదు.

సైమన్‌కి ఈ ఆల్బమ్ చేస్తుండగానే ఎడమ చెవి దాదాపు వినబడకుండా పోయింది. 2018లోనే వీడ్కోలు టూర్ కూడా చేసేశాడు. దాంతో రివ్యూలు రాసేవాళ్లకి కథ రెడీమేడ్‌గా దొరికేసింది. తీరా 2025 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్ నుంచి మళ్లీ టూర్ మొదలుపెట్టాడు. షో మొదటి సగంలో, టికెట్ కొన్నవాళ్లు పాత హిట్ల కోసం కాచుకుని కూర్చుంటే, ఈ ఆల్బమ్‌నే మొదటి నుంచి చివరిదాకా పాడాడు. ఆవులతో సహా.