నాలుగో ఔ

మన ఇంటర్ బ్యాచ్ రీయూనియన్ కన్వీనర్ పోరు పడలేక ఈ జ్ఞాపకం రాస్తున్నాను. రెండు పేజీలకు మించొద్దని, కెమిస్ట్రీ ల్యాబ్ సంగతి ఎత్తొద్దని షరతులు కూడా పెట్టాడు. ల్యాబ్ సంగతి నేనెందుకు రాస్తాను? ఆ బ్యాచ్‌లో ఒకడు ఇప్పుడు పోలీస్ శాఖలో ఉన్నాడు, ఇంకొకడు ఈ కమిటీలోనే ఉన్నాడు. గోళీసోడా పందెం, వాటర్ ట్యాంకు మీద బుడ్డోడు, ఫేర్‌వెల్ రోజు మైకు, ఇవన్నీ లంబు రాస్తాడు. వాడికి జ్ఞాపకశక్తి ఎక్కువ, మొహమాటం తక్కువ. నేను సంస్కృతం సార్ గురించి రాస్తాను.

1991లో ఎంపీసీలో చేరిన మనలో ఆ భాష మీద ప్రేమతో సంస్కృతం తీసుకున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? తెలుగు తీసుకుంటే మార్కులు రాలవు, సంస్కృతమైతే స్కోరింగ్ అని అడ్మిషన్ రోజే సీనియర్లు చెవిలో ఊదారు. జవాబులు ఇంగ్లీషులో రాసినా మార్కులు పడతాయన్నది అసలు ఆకర్షణ. సార్‌కు ఇదంతా తెలుసు. తెలిసే మొదటి రోజు నుంచీ హాజరు మాత్రం సంస్కృతంలో పలకాలన్నారు. అబ్బాయిలు ‘ఉపస్థితః’, అమ్మాయిలు ‘ఉపస్థితా’. లంబు మార్నింగ్ షోకి పోయిన రోజు వాడి పేరు పిలవగానే అమ్మాయిల బెంచీలోంచి ‘ఉపస్థితా’ అని వినిపించింది. సార్ రిజిస్టర్‌లోంచి తల ఎత్తలేదు. “సినిమాకు పోయినోడు లింగం మార్చుకొని వచ్చిండు, రాసుకుంటున్న” అన్నారు. ఆ గొంతు ఎవరిదో మనందరికీ తెలుసు. ఆమె ఇప్పుడు లంబు ఇంటావిడ కాబట్టి ఇంతకంటే రాయను.

నేను చెప్పదలచుకున్నది దసరా సెలవుల ముందు రోజు సంగతి. సగం క్లాసు అప్పటికే ఊళ్లకు పోయింది. సార్ బోర్డు మీద కాళిదాసు రఘువంశం మొదటి శ్లోకం రాశారు.

వాగర్థావివ సంపృక్తౌ వాగర్థప్రతిపత్తయే
జగతః పితరౌ వందే పార్వతీపరమేశ్వరౌ

సిలబస్‌లో లేదు, పరీక్షకు రాదు అని ముందే చెప్పేశారు. ఆ మాటతో సగం పెన్నులకు క్యాపులు పడ్డాయి. “అర్థం నేను చెప్ప. ముందు క్రియను పట్టుకోండ్రి” అన్నారు. వందే, నమస్కరిస్తున్నాను. ఎవరికి? పార్వతీపరమేశ్వరులకు. వాళ్లెవరు? పితరౌ, తల్లిదండ్రులు. ఎవరికి తల్లిదండ్రులు? జగతః, లోకానికి. ఎందుకు ఈ నమస్కారం? మాటా అర్థమూ చక్కగా పట్టుబడటానికి. సార్ అడుగుతున్న కొద్దీ ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న మాటలు ఒక్కొక్కటే వచ్చి తమ తమ చోట్లలో కూర్చున్నాయి. అంతవరకూ శ్లోకమంటే నాకు గుడిలో మైకులోంచి వచ్చేదే.

తర్వాత ఎర్ర సుద్ద తీసుకుని, ఇద్దరున్నారని చెప్పే ‘ఔ’ల కింద గీతలు గీశారు. సంపృక్తౌ, పితరౌ, పార్వతీపరమేశ్వరౌ. “మూడైనయ్. విడదీయరాకుండ కలిసున్న ఇద్దరిని ఇంకో జంటతోని పోలుస్తున్నడు. ఆ జంట ఔ ఏది?” అన్నారు. రామశబ్దం ఇరవై నాలుగు రూపాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే నేను బోర్డుకేసి గుడ్లప్పగించి చూస్తున్నాను. ఫస్ట్ బెంచీ అంతా అదే పరిస్థితి. చివరి బెంచీలో కప్పగాడు మాత్రం ఏదో గొణుక్కుంటూ, “‘థావి’లో దాక్కుంది సార్” అన్నాడు. వాగర్థౌ, ఇవ. మాటా అర్థమూ లాగా అని. గబగబా పలికి చూడండి, నోరు దానంతటదే ‘ఆవి’ అంటుంది. వాడు చేసిందీ అంతే.

సార్ మొహం అంతగా వెలిగిపోవడం నేను మళ్లీ చూడలేదు. కప్పను పిలిచి సుద్ద వాడి చేతికే ఇచ్చారు. పాణిని సూత్రం చెప్పి రాయించారు: ఏచోఽయవాయావః. ఏ, ఓ, ఐ, ఔ పక్కన అచ్చు వస్తే అవి వరసగా అయ్, అవ్, ఆయ్, ఆవ్ అవుతాయి. నే, అనం కలిస్తే నయనం. పో, అనః కలిస్తే పవనః. నై, అకః నాయకః. పౌ, అకః పావకః. నాలుగు సంగతులు ఒక్క గుక్కలో ఇమిడిపోయాయి, అదీ రెండు వేల ఏళ్లకు పైబడిన కిందటి లెక్క. నాకు ఒళ్లు జలదరించింది. కప్ప మీద కుళ్లుకున్న మాట కూడా నిజమే. ఆ సాయంత్రం నేనూ వాడూ కాలేజీ నుంచి బస్టాండు దాకా దారిలో కనిపించిన ప్రతి దుకాణం బోర్డునీ విడగొడుతూ నడిచాం. ఫోటో స్టూడియో దగ్గర మొదలుపెడితే బస్సు పోయిందన్న ధ్యాస కూడా లేదు.

సెకండియర్‌లో ఎంసెట్ టెన్షన్ తప్ప నాకేమీ గుర్తులేదు. ర్యాంకు రాలేదు. బీకాం, ఆ తర్వాత సీఏ. ఇప్పుడు హైదరాబాద్‌లో సొంత ఆఫీసు, జీతాలు ఒకటో తారీఖునే ఇవ్వగలిగినంత పని.

ఆఫీసులో నా బల్ల అద్దం కింద ఒక ముక్క రాసిపెట్టుకున్నాను: ‘నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే’. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. రఘువంశానికి సంజీవని వ్యాఖ్య రాస్తూ మల్లినాథసూరి చెప్పుకున్న నియమం ఇది. సీఏ శిక్షణకు కొత్తగా చేరే ఆర్టికల్ పిల్లలకు ఆడిట్ గురించి నేను మొదట చెప్పే పాఠం కూడా ఇదే. క్లయింట్లు మాత్రం దాన్ని ఏదో లక్ష్మీ మంత్రం అనుకుంటారు, నేను కాదనను.

ఆదివారాలు పొద్దున కొందరం ఆన్‌లైన్‌లో కూర్చుని రఘువంశం చదువుకుంటున్నాం. కప్ప డల్లాస్ నుంచి వస్తాడు, వాడికి అప్పుడు శనివారం రాత్రి. ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరం దగ్గర ఎంతకీ ముందుకు కదలలేదు. ఆమె దీపశిఖలా ఒక్కో రాజునూ దాటి పోతుంటే మేమే ఆగిపోయాం. ఈ మాట ఫోన్‌లో సార్‌తో చెబితే, “మల్లినాథుణ్ణి చదువుతున్నరా, గైడు చదువుతున్నరా?” అన్నారు. మన గ్రూపులో ‘సంస్కృతమే కంప్యూటర్ భాష’ అని రోజూ ఫార్వర్డులు పెట్టే మిత్రుడికి ఈ ప్రశ్నే పంపుదామనుకుని ఊరుకున్నాను.

ఆ మల్లినాథుడిది మన మెదక్ దగ్గరి కొల్చారమే అంటారు. సార్ అప్పట్లో తీసుకుపోతానన్నారు, ఎందుకో కుదరలేదు. రీయూనియన్ మర్నాడు ఆయన్ని తీసుకుని మేం వెళ్తున్నాం. నా బండిలో ఇంకా సీట్లున్నాయి. వచ్చేవాళ్లు కన్వీనర్‌కు ముందే చెప్పండి, సార్‌కు ఆలస్యం గిట్టదు. టిఫిన్ ఖర్చు కప్పది.