సారాయెవోలో నీళ్ల క్యాన్లు

బోస్నియా రాజధాని సారాయెవోలో దిగిన రోజు సాయంత్రం మార్కెట్లో అరకిలో చెర్రీలు కొన్నాను. తూకం వేస్తున్న ఆవిడ వెనుక గోడ నిండా పేర్లున్నాయి. దుకాణదారుల పేర్లేమో అనుకున్నాను. అది మార్కాలే మార్కెట్ అని తెలిశాక చేతిలోని పండు నోటిదాకా వెళ్లలేదు. బోస్నియా సెర్బు సైన్యం ఊరిని ముట్టడించిన రోజుల్లో, 1994 ఫిబ్రవరి 5, శనివారం, జనం కిటకిటలాడే మధ్యాహ్నం వేళ ఒకే ఒక్క మోర్టార్ షెల్లు ఇక్కడ 68 మందిని బలి తీసుకుంది. మరుసటి ఏడాది ఆగస్టు 28న దగ్గర్లోనే మళ్లీ పడింది. ఈసారి 43 మంది. ఆ రెండోదాని తర్వాత గానీ నాటో విమానాలు పెద్దయెత్తున కదలలేదు.

షెల్లు పేలినచోట తారులో చిప్పలు చెదిరినట్టు గుంటలు పడతాయి. కొన్నిచోట్ల వాటిని ఎర్ర రెసిన్‌తో పూడ్చి అలాగే ఉంచారు. వీటిని ఇక్కడివారు సారాయెవో గులాబీలంటారు. పేరు అందంగా ఉంది కానీ, వంగి చూస్తే నాకు గులాబీ కనిపించలేదు. బురదలో కాలు వేసినప్పుడు చిమ్మిన మరకలా ఉంది.

మర్నాడు కేబుల్ కారులో త్రెబెవిచ్ కొండ ఎక్కాను. 1984 శీతాకాల ఒలింపిక్స్ కోసం కట్టిన బాబ్‌స్లెడ్ (మంచు మీద జారే బండి) పందేల కాంక్రీటు దారి ఇప్పుడు రంగుల రాతలతో చెట్ల మధ్య పడి ఉంది. ముట్టడిలో బోస్నియా సెర్బు సైన్యం ఇక్కడ మాటు వేసింది. కింద ఊరంతా విస్తట్లో వడ్డించినట్టుంది. ట్రాములు, వంతెనలు, మేడల కిటికీలు, ఏవీ దాగవు. గురి తప్పి జనానికి తగిలిందన్న వాదన ఈ అంచున నిలబడితే నిలవదు. యుద్ధ నేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్ కూడా అదే తేల్చింది. పౌరులను భయభ్రాంతులను చేసిన నేరానికి ఆ సైన్యాన్ని ఇక్కడ నడిపిన జనరల్ గాలిచ్‌కు 2006లో యావజ్జీవం ఖరారైంది.

ముట్టడి 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి 29 దాకా, 1,425 రోజులు. విమానాశ్రయం కింద 1993లో తవ్విన సొరంగం పొడవు సుమారు 800 మీటర్లు. ఇప్పుడు కొన్ని అడుగులే నడవనిస్తారు. ఆ కొన్ని అడుగులకే నా నడుము పట్టేసింది. తిండి, మందులు, గాయపడ్డవారు, అన్నీ ఆ దారినే.

నేను బస చేసిన ఇంటి యజమానురాలు యుద్ధం గురించి తనంతట తాను ఎత్తలేదు. బాల్కనీలో రెండు ప్లాస్టిక్ నీళ్ల క్యాన్లు చూసి నేనే అడిగాను. కుళాయిలు ఎండిపోతే బీరు ఫ్యాక్టరీ ఊట దగ్గరికి వెళ్లేవారట. వరుసలో నిలబడ్డవారి మీదా షెల్లు పడేవి. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి పోట్లాడుకునే వీధిలో పెరిగినవాణ్ణి నేను. మా గొడవంతా ఎవరి వంతు ముందన్నదాని గురించే. ఆవిడకు మాత్రం ఏ మలుపులో పరుగెత్తాలో, ఏ గోడ చాటున ఊపిరి తీసుకోవాలో ఇప్పటికీ గుర్తు. నిండు క్యాన్‌తో పరుగెత్తడం కుదరదు కాబట్టి వచ్చేటప్పుడే ఎక్కువ భయమని చెప్పి, కాఫీలో చక్కెర ముక్క ముంచుకుంది.

బయలుదేరే రోజు ఉదయం ఆవిడ క్యాన్లలోని పాత నీళ్లు పూలకుండీల్లో పోస్తోంది. తర్వాత కుళాయి తిప్పి వాటిని మళ్లీ మూతిదాకా నింపింది.