రాగి కడియం: గుడ్డు ఆవిరి పట్టని చోటు

మూడోసారీ అదే చోట! ఉడికించిన గుడ్ల ఆవిరిలోని గంధకంతో రాగి కడియానికి ముదురు రంగు పట్టిస్తున్నాను. కడియమంతా చక్కటి చింతగింజ రంగుకు తిరిగింది. లోపలి వంపులో ఒకటిన్నర సెంటీమీటర్ల మేర మాత్రం కొత్త రాగిలా ఎర్రగా మెరుస్తోంది.

మెలి ఉంగరం మొదటి ప్రయత్నంలోనే కుదిరింది. కడియమే ఏడిపిస్తోంది. 3 మిల్లీమీటర్ల తీగ, 17 సెంటీమీటర్లు, సుత్తితో కాస్త చదును చేసినది. మొదటి విడతలో రెండు గుడ్లు వేడివేడిగా చిదిపి, కడియంతో పాటు డబ్బాలో 40 నిమిషాలు ఉంచాను. ఆవిరి నీరై, చుక్క పడ్డ ప్రతిచోటా నీలి వలయం తేలింది. రెండో విడతకు గుడ్లను పది నిమిషాలు చల్లార్చి, కడియాన్ని దారంతో వేలాడదీశాను. చుక్కలు పోయాయి, ఎర్రటి మేర బయటపడింది. వేలి జిడ్డేమో అనుకున్నాను. మూడో విడతకు బయటివైపు 600 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దాను. వంపులోకి కాగితం చేరక అక్కడ చింతపండు, ఉప్పుతోనే తోమి, కుంకుడు రసంతో కడిగి, రెండు గంటలు ఉంచాను. మిగతాదంతా ఇంకా ముదిరింది. అక్కడ ఏ మార్పూ లేదు.

నిన్న రాత్రి కుళాయి కింద పెట్టి చూశాను. అంతటా నీరు పలుచని పొరగా పరుచుకుంటోంది. ఆ మేరలో మాత్రం తామరాకు మీద బొట్లలా జారిపోతోంది! అప్పుడు గుర్తొచ్చింది, వంచేటప్పుడు గాట్లు పడకుండా ప్లయర్‌ మూతికి చుట్టిన టేపు. మూతి వెడల్పు కొలిస్తే సరిగ్గా ఒకటిన్నర సెంటీమీటర్లు. జిగురే అయి ఉండాలి. స్పిరిట్‌తో తుడిస్తే దూదికి పసుపు మరక అంటింది. ఇప్పుడు సగం మేర నీరు నిలుస్తోంది, సగం ఇంకా మొండికేస్తోంది. ఈ రాత్రికి కొబ్బరినూనెతో నానబెట్టి, మళ్ళీ కుంకుడుతో కడుగుతాను.

బిందెలకు పీతాంబరికి సాటి లేదు. రంగు పట్టించబోయే నగకు మాత్రం నా ఓటు చింతపండుకే. తోమిన పులుపు నీళ్ళు గిన్నెలో లేత ఆకుపచ్చగా మారాయి, కరిగిన రాగి అది. కళాయి లేని రాగి గిన్నెలో పులుసు పెట్టకూడదని పెద్దలు అన్నది ఇందుకే. మన ఒంటికి రోజుకు కావలసిన రాగి ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూగా. నువ్వులు, జీడిపప్పు తింటే అది తేలిగ్గా అందుతుంది.

మచ్చ పోతే తేనెమైనం పలుచగా రుద్ది ముగిస్తాను. తర్వాత జుంకాలు. ఉప్పునీరు చల్లి, పెరట్లో అమ్మోనియా ఆవిరి పట్టించి నీలిరంగు తేవాలని ఉంది. 1 మిల్లీమీటరు తీగ కొనేశాను. ఈసారి ప్లయర్‌కు టేపు బదులు తోలు ముక్క చుడతాను.