ఒంగోలు నీళ్లు, చీమకుర్తి దుమ్ము, నా వంటగట్టు మీద మచ్చ

పెళ్లయ్యి ఒంగోలు వచ్చిన కొత్తలో బాత్‌రూమ్ కుళాయిల మీద తెల్లగా పేరుకున్న పొర చూసి, ఇంతకుముందు అద్దెకున్నవాళ్లు వట్టి బద్ధకస్తులు అనుకున్నాను. మూడు వారాలకి నేను తోమిన కుళాయిలూ అట్లాగే తయారయ్యాయి. సబ్బు పెట్టి రుద్దాను, స్టీలు పీచుతో రుద్దాను, కుళాయి మీద మెరుపు పోయింది గానీ తెలుపు పోలేదు.

చాలా రోజుల తర్వాత అర్థమైంది ఏంటంటే అది మురికి కాదు, రాయి. మా బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్లు ఆరిపోతే అవి అక్కడే మిగిలిపోయి సున్నపురాయిలాగా అతుక్కుంటాయి. వేడి చేస్తే ఇంకా తొందరగా పేరుకుంటాయి, అందుకే గీజర్ కాయిల్‌కీ నీళ్లు కాచే గిన్నెల అడుగునా అంత మందాన పెచ్చులు కడతాయి. బట్టల సబ్బు నురగ రాకపోవడం, కందిపప్పు ఎంతకీ ఉడక్కపోవడం కూడా ఈ నీళ్ల పుణ్యమే. మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడు తలస్నానం చేసి, "ఏంది మా, షాంపూ పోసుకున్నానా మట్టి పోసుకున్నానా" అంది.

రాయిని సబ్బు ఏం చేస్తుంది? దానికి కావాల్సింది పులుపు. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు అని అడిగితే పంచదారలాంటి పలుకులు ఇస్తారు, చవక. కెటిల్‌లో అర లీటరు నీళ్లు పోసి ఒక చెంచా వేసి మరగనిచ్చి, ఓ పావుగంట వదిలేసి పారబోస్తే లోపలి పెచ్చులు వాటంతట అవే ఊడి వస్తాయి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడుక్కోవాలి. షవర్ చిల్లులు పూడిపోతే పాలిథీన్ కవర్‌లో వెనిగర్ పోసి, షవర్ తల అందులో మునిగేట్టు రబ్బరు బ్యాండ్‌తో కట్టేసి ఒక గంట ఆగండి. కుళాయికైతే నిమ్మచెక్కతో రుద్ది, పది నిమిషాలాగి కడిగి, తుడవాలి. ఈ తుడవడమే అసలు కిటుకు. నీటిబొట్టు ఆరితేనే గదా రాయి మిగిలేది. బాత్‌రూమ్‌లో ఒక పాత పంచె ముక్క వేలాడదీశాను, స్నానం చేసినవాళ్లు కుళాయిని ఒకసారి తుడిచి బయటికి రావాలని రూల్ పెట్టాను. మా ఆయన తప్ప అందరూ పాటిస్తున్నారు.

బాత్‌రూమ్ యాసిడ్ పోసి ఒక్క దెబ్బకి తేల్చేద్దాం అనేవాళ్లకి రెండు మాటలు. అది టైల్స్ మధ్యలో సిమెంటునీ కుళాయి పూతనీ కూడా తినేస్తుంది. ఇంకోటి, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ఉన్న ఏ క్లీనర్ గానీ చచ్చినా వెయ్యకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపులేసి ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇక నా తెలివి సంగతి. నిమ్మ ఉప్పు మహిమ తెలిసిన ఊపులో, మా అత్తగారింట్లో వంటగట్టు మీద బిందె పెట్టే చోట గుండ్రంగా కనపడే తెల్లటి వలయం మీద నా ప్రతాపం చూపించాను. ఆ గట్టు కడప బండ. నల్లగా, నున్నగా, పాతికేళ్లుగా అత్తయ్య చేత్తో తుడిచి తుడిచి నిగనిగలాడే బండ. నిమ్మ ఉప్పు నీళ్లు పోసి వదిలేసి, ఫోన్ మాట్లాడొచ్చి చూద్దును గదా, వలయం పోయింది, దాని చోట అరచేయంత బూడిదరంగు మచ్చ, చేత్తో తడిమితే గరుకు. కడప బండ కూడా సున్నపురాయే మరి! నీళ్లు వదిలిన రాయిని కరిగించిన పులుపు, కింద ఉన్న బండని మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? అత్తయ్య చూసి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "బండకి పులుసు పెట్టావా ఏందమ్మా?" అంది. కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు నల్లగా కనపడుతుంది, మళ్లీ మామూలే. పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు. కడప బండకీ, పాలరాతికీ పులుపు తగలనివ్వకండి, చింతపండు రసం ఒలికినా వెంటనే తుడిచేయండి. మామూలు గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి తుడుచుకుంటే చాలు.

నీళ్ల రాయి ఇట్లా ఉంటే, గాలిలో వచ్చే రాయి ఇంకోటి. మా ఇల్లు కర్నూలు రోడ్డుకి దగ్గర. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పేరు మీరు వినే ఉంటారు, నల్లటి రాయిలో నక్షత్రాల్లాగా మెరుపులుంటాయి. ఆ దిమ్మెలు మోసుకుని లారీలు పోతుంటాయి. వేసవిలో పడమటి గాలి మొదలైతే పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి పేరు రాయొచ్చు. ఈ దుమ్ముని పొడి చీపురుతో కొడితే లేచి, గంటలో మళ్లీ అక్కడికే దిగుతుంది. వాకిలి ఊడ్చే ముందు నీళ్లు చిలకరించే పాతకాలం వాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. ఇంట్లోనూ తడి గుడ్డే మేలు. అయితే దాంతో గట్టిగా రుద్దకూడదు, రాతిపొడి గదా, అద్దాల మీదా టీవీ తెర మీదా గీతలు పడతాయి. గుడ్డని నీళ్లలో జాడిస్తూ పైపైన తుడవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బీరువాలో బట్టలకి పట్టే బూజు వేరే కథ (మనకి సాలెగూడూ బూజే, ఆవకాయ మీద తేలేదీ బూజే!). ఎండ కాసిన పూట బీరువా తలుపులు బార్లా తీసి పెట్టి, గోడకి ఒక జానెడు దూరం జరపడం తప్ప నేను పెద్దగా చేసేదేం లేదు. చెమ్మ ఆరకుండా పెయింట్ మీద పెయింట్ వేయించి డబ్బులు తగలేసుకోకండి, గోడలోంచి ఉప్పు ఉబికి పెచ్చులుగా రాలుతుంది, మాకు రెండుసార్లు రాలింది.

అత్తగారింట్లో ఆ మచ్చ మీద ఇప్పుడు మిక్సీ పెట్టాను. చుట్టాలెవరైనా వస్తే అత్తయ్య మిక్సీ పక్కకి జరిపి మరీ చూపిస్తుంది.