నెలంతా పనిచేసి రెండు లైన్లేనా?

మా కంపైలర్‌కి (రాసిన ప్రోగ్రామ్‌ని యంత్రం నడపగలిగే కోడుగా మార్చే సాఫ్ట్‌వేర్) చందాలు అడగడం మొదలుపెట్టి ఏడు నెలలు. ఉద్యోగాన్ని వారానికి మూడు రోజులకి తగ్గించుకుని, మిగతా రోజులు దీనిమీదే కూర్చునేంత డబ్బు ఇప్పుడు వస్తోంది. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

2018లో ఆండ్రూ కెల్లీ ఉద్యోగం మానేసి, చందాలను నమ్ముకుని తను తయారుచేసిన జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాష పనిలోనే పూర్తిగా దిగారని చదివినప్పటి నుంచి నాకూ ఉబలాటం. ఖాతా తెరవడం, గుర్తింపు కాగితాలు పెట్టడం, బ్యాంకు వివరాలు ఇవ్వడం ఒక పూట పని. జనం దగ్గర ఒకేసారి డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ వద్దనుకున్నా. అక్కడ అనుకున్న మొత్తం పోగవకపోతే ఏమీ చేతికి రాదు. పైగా 2013లో మైక్రోపైథాన్ అనే ప్రోగ్రామింగ్ ప్రాజెక్టు అక్కడ నెగ్గిందంటే డబ్బు కట్టినవాళ్ల ఇంటికి పైబోర్డ్ అనే వస్తువు వెళ్లింది. నేను పోస్టులో ఏం పంపను, ఎర్రర్ మెసేజా? అందుకని నెలనెలా చందా. కోడు దాచుకునే గిట్‌హబ్ సైట్‌లోని చందాల సేవ, గిట్‌హబ్ స్పాన్సర్స్, వ్యక్తుల ఖాతాల నుంచి వచ్చే డబ్బులో కమిషన్ కోసుకోదు, అది చాలనిపించింది. బగ్‌కి ఇంత అని రేటు కట్టే బౌంటీల జోలికి మాత్రం వెళ్లకండి. కంటికి కనబడే ఫీచర్లకి డబ్బు పడుతుంది, ఏ విలువని ప్రాసెసర్‌లో ఎక్కడ పెట్టాలో తేల్చే రిజిస్టర్ అలొకేటర్‌ని ఎవరూ పట్టించుకోరు.

కంపెనీల గురించి ఒక్క మాట. మా కంపైలర్‌ని రోజూ వాడే ఒక కంపెనీ మీటింగ్ పెట్టి, గంటసేపు 14 బగ్‌ల జాబితా చదివి, చివర్లో "విరాళాలకి మా దగ్గర పద్దు లేదండీ, ఇన్వాయిస్ పంపండి" అంది. పంపాను. నాలుగు నెలలైంది, వెండర్ ఫారం ఇంకా ఎవరి టేబుల్ మీదో ఉంది. ముందే ఇన్వాయిస్ తయారుగా పెట్టుకోండి. డబ్బు మాట తేలేదాకా జాబితా వినకండి.

ఇవేవీ నన్ను ఏడిపించలేదు. ఏడిపించింది నెలవారీ రిపోర్టు.

ప్రతి నెలా ఏం చేశానో రాస్తానని పేజీలో నేనే మాటిచ్చాను. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. కొత్త ఎర్రర్ మెసేజ్‌లు, ముందు ఎలా ఉండేవి, ఇప్పుడు ఎలా ఉన్నాయి, రెండు స్క్రీన్‌షాట్లు. మూడో నెలలో ఒక వాడుకరి బగ్ పంపారు. ఎక్కడైనా డీబగ్ బిల్డు (తప్పులు వెతుక్కోవడానికి కట్టుకునేది) బాగుండి రిలీజ్ బిల్డు (చివరికి వాడేవాళ్లకి ఇచ్చేది) చెడుతుంది. ఇక్కడ తిరగబడింది. యంత్రపు కోడు పుట్టించే భాగాన్ని బ్యాకెండ్ అంటారు. రిలీజ్‌కి మేం చాలా కంపైలర్లు వాడే ఎల్‌ఎల్‌వీఎం వాడతాం, డీబగ్‌కి మా సొంత బ్యాకెండ్. తప్పు మాదే. లూప్‌లో కూడిన మొత్తం తప్పుగా వస్తోంది. ఎక్కడ తప్పుతోందో చూద్దామని ప్రింట్ పెడితే బగ్ మాయం.

9 వేల లైన్ల ప్రోగ్రామ్‌ని కోసి కోసి 31 లైన్లకి తెచ్చేసరికి ఎనిమిది రోజులు. x86-64 ప్రాసెసర్లలో విలువలు పెట్టుకునే చిన్న అరలు, అంటే మామూలు రిజిస్టర్లు, 16. స్టాక్ పాయింటర్ తీసేస్తే 15. ఆ లూప్‌లో ఒకేసారి దాచుకోవాల్సిన విలువలు అంతకన్నా ఎక్కువ. అందుకని అలొకేటర్ ఒక విలువ ఆయుష్షుని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కని ఆర్10 అనే రిజిస్టర్‌లో పెట్టింది. ఆ ముక్క మధ్యలో ఒక ఫంక్షన్ కాల్ ఉంది. లైనక్స్ కాలింగ్ కన్వెన్షన్ (ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలిచేటప్పుడు పాటించే ఒప్పందం) ప్రకారం ఆర్10ని అవతలి ఫంక్షన్ ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చు. వాడుకుంది. ముక్క చేశాక మధ్యలో కాల్ ఉందేమో మళ్లీ చూడు, అంతే సవరణ. రెండు లైన్లు. మొత్తం 19 రోజులు.

రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను: ఒక బగ్, రెండు లైన్ల మార్పు. అందరికన్నా ఎక్కువ చందా ఇచ్చేవాళ్లలో ఒకాయన అందరూ చూసేలా అడిగారు: "నెలంతా పనిచేసి రెండు లైన్లేనా? లైను ఎంత పడిందో లెక్క చెప్తారా?" దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. ఇంకెవరో, అంతా ఎల్‌ఎల్‌వీఎంకే వదిలేస్తే పోయేదిగా అన్నారు. వదిలేస్తే డీబగ్ బిల్డు నత్తనడక నడుస్తోందని గోల పెట్టేదీ వీళ్లే.

మూడు పేజీల జవాబు రాసి చెరిపేశాను. రెండు రోజులు ఎడిటర్ తెరవబుద్ధి కాలేదు. ఉచితంగా చేసిన ఆరేళ్లలో ఒక్కరూ ఇలా అడగలేదు, డబ్బు తీసుకున్న మూడో నెలకే కూలీ లెక్క కట్టారు.

తర్వాత నేను చేసినది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నాలుగో నెల ఫైళ్లు అటూ ఇటూ జరిపి, కోడంతా ఫార్మాటర్‌తో దువ్వి, 4 వేల లైన్ల మార్పు చూపించాను. చప్పట్లే చప్పట్లు. అసలు పనేమీ జరగలేదు. పైగా ఒక కుర్రాడు రెండు నెలలుగా రాసుకుంటున్న ప్యాచ్ నా దువ్వుడు వల్ల కొత్త కోడుతో కలవక కాన్‌ఫ్లిక్ట్‌లతో నిండిపోయింది. "ఏం పర్లేదన్నా, మళ్లీ చేస్తాను" అన్నాడు. ఆ మాటకి తల ఎత్తుకోలేకపోయాను.

ఐదో నెల ఆ పాత బగ్‌నే మళ్లీ రాశాను, ఈసారి కథలా. 31 లైన్ల ప్రోగ్రామ్, కింద దాన్నుంచి మా కంపైలర్ పుట్టించిన అసెంబ్లీ కోడు, ఆర్10 ఉన్న లైను పక్కన బాణం. తప్పు ఎక్కడుందో ముందు మీరే కనుక్కోండి అని అడిగాను. కొత్తగా తొమ్మిది మంది చందా కట్టారు, ముగ్గురు మానేశారు. లెక్క అడిగిన ఆయన ఆ ముగ్గురిలో ఉన్నారు. నాలుగో నెల సంగతి కూడా అందులోనే ఒప్పుకున్నాను, దాని గురించి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

ఎల్లుండి ఈ నెల రిపోర్టు పెట్టాలి. కుర్రాడి ప్యాచ్ కలిపేశాం. వాడి పుణ్యాన పాత కోడు 340 లైన్లు తీసేశాం. అంటే ఈ నెల లెక్క మైనస్‌లో ఉంది.