తెలుగులో తనని ఏమనాలి?

మా అమ్మాయికి 16 ఏళ్లు. ఒక శనివారం, ఫ్రెండ్ ఇంటికి వచ్చే గంట ముందు నా దగ్గరకొచ్చి అడిగింది. "అమ్మా, ఇంగ్లిష్‌లో ఒక్కరినే 'దే' (they) అంటాం చూడు, దాన్ని తెలుగులో ఎలా చెప్పాలి? నా ఫ్రెండ్ నాన్‌బైనరీ. అబ్బాయి అనీ అనొద్దు, అమ్మాయి అనీ అనొద్దు. అమ్మమ్మ వీడియో కాల్‌లో ఉంటుంది కదా, అందుకే ముందే అడుగుతున్నా. తనని అడిగాకే నీకు చెబుతున్నాలే."

చివరి మాట నన్ను పట్టేసింది. ఎదుటి మనిషి విషయం చెప్పే ముందు ఆ మనిషిని అడగాలని ఈ పిల్లకు ఎవరు నేర్పారు? నేనైతే కాదు.

ఇద్దరం కూర్చుని వెతికాం. 'అతను' కాదు, 'ఆమె' కాదు. 'తను' బాగానే ఉంది. కానీ తెలుగులో క్రియ దగ్గర దొరికిపోతాం. వచ్చాడు అనాలా, వచ్చింది అనాలా? కాసేపటికి నాకే తట్టింది, 'వచ్చారు' అంటే సరిపోతుంది. పెద్దవాళ్లకు ఇచ్చే గౌరవమే ఇక్కడ దారి చూపించింది. 'ఫ్రెండ్' అన్న మాట కూడా నయమే, స్నేహితుడా స్నేహితురాలా అని తేల్చక్కర్లేదు. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తన భాషలో తన ఫ్రెండ్‌కి చోటు దొరికిందన్న సంతోషం అది.

ఆ సంతోషం నాకు అంతగా తగలడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం మా బంధువు ఒకరు ఫోన్‌లో ఎవరి గురించో చెబుతూ "వాడు కొంచెం తేడా" అని నవ్వారు. నేనూ నవ్వాను. స్పీకర్‌లో విన్న అమ్మాయి "తేడా అంటే డిఫరెన్స్ కదా, నవ్వెందుకు?" అని అడిగింది. వారాంతం తెలుగు క్లాసులో అప్పుడే నేర్చుకున్న మాట అది. రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టండి అని పుస్తకంలో ఉండేది. నేనేదో చెప్పి తప్పించుకున్నాను. తెలుగు మర్చిపోకూడదని అంత తాపత్రయపడి క్లాసులకు తిప్పింది నేనే, ఆ తెలుగులో స్వలింగ ప్రేమ గురించి, ట్రాన్స్‌జెండర్ల గురించి పిల్ల చెవిన పడేవి వెక్కిరింపులేనని ఆ రోజు వరకూ ఆలోచించనిదీ నేనే.

ఇంగ్లిష్‌లో ఈ పిల్లలకు మాటలకు కరువు లేదు, తోడుకూ కరువు లేదు. స్కూల్లో జీఎస్ఏ అని, స్వలింగ ప్రేమికులైన పిల్లలూ కానివాళ్లూ కలిసి ఉండే క్లబ్ ఉంది, మా అమ్మాయి అందులో చేరింది. తను స్వలింగ ప్రేమికురాలు కాదు, మరి ఎందుకని అడిగితే "అందుకే చేరాను" అంది. ఆ క్లబ్బుల కథ వింటే ఆ మాట అర్థమవుతుంది. 1988లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో కాంకర్డ్ అకాడమీ అనే స్కూల్లో కెవిన్ జెన్నింగ్స్ అనే టీచరు, తాను గే అని పిల్లలకు చెప్పారు. తోటి పిల్లల మాటలకు బాధపడిన ఒక అమ్మాయి ఆయన దగ్గరకు వచ్చింది. ఆ అమ్మాయి తల్లి లెస్బియన్. మీరు గే, నేను స్ట్రెయిట్ (అంటే స్వలింగ ప్రేమికురాలిని కాదు), ఇద్దరం కలిసి క్లబ్ పెడదామంది. జీఎస్ఏ, అంటే గే-స్ట్రెయిట్ అలయన్స్ అన్న పేరు అలా వచ్చింది.

సరే, ఆ సాయంత్రానికి వస్తాను. ఫ్రెండ్ వచ్చారు, అమ్మ వీడియోలో పలకరించింది, అంతా మామూలుగానే గడిచింది. ఫ్రెండ్ వెళ్లాక అమ్మ మొదలుపెట్టింది. "చిన్నపిల్లని పట్టుకుని వచ్చారు, తిన్నారు అంటారేమిటే?" అమ్మాయి తనకొచ్చిన తెలుగులో చెప్పింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డాక్టరుకి చూపించారా?" అంది. "జబ్బు కాదు అమ్మమ్మా. స్వలింగ ప్రేమను కూడా ఒకప్పుడు జబ్బే అన్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థే 1990లో ఆ లిస్టులోంచి తీసేసింది. ఇదీ అంతే, జబ్బు కాదు" అంది మనవరాలు. నేనైతే ఈపాటికి టాపిక్ మార్చేసేదాన్ని. నలుగురిలో ఎందుకీ మాటలు అనుకునే అలవాటు నాది.

తర్వాత అమ్మాయితో అన్నాను, అమ్మమ్మకు కాస్త టైమ్ ఇవ్వమని. "ఇస్తాను. కానీ ఆ టైమ్ అంతా మాటలు పడేది నా ఫ్రెండే కదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

2015లో ఐర్లండ్‌లో స్వలింగ వివాహంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీ విద్యార్థులు 'మీ అమ్మమ్మకు ఫోన్ చేయండి' అని ప్రచారం చేశారు. అవునని ఓటు వేయమని మనవలే అడిగారన్నమాట. విదేశాల్లో ఉన్న కుర్రాళ్లు ఎందరో ఓటు కోసమే విమానమెక్కి ఇంటికి వెళ్లారు. 62 శాతం మంది అవునన్నారు. పెద్దవాళ్లు మారరు అని మనం ముందే తీర్మానించేస్తాం. అడిగే మనిషి సొంత మనవరాలైతే వాళ్లు కనీసం వింటారు.

నాకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటుంది. అమెరికాలోని ట్రెవర్ ప్రాజెక్ట్ అనే సంస్థ 2019లో ఎల్‌జీబీటీ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వగైరా) పిల్లల గురించి చెప్పింది. తమను ఉన్నట్టుగా ఒప్పుకునే పెద్దమనిషి ఒక్కరున్నా, ఆత్మహత్యాయత్నం చేశామని చెప్పిన పిల్లలు 40 శాతం తక్కువట. ఒక్కరు చాలు. ఆ ఒక్కరు తల్లే కానక్కర్లేదు, ఫ్రెండ్ వాళ్ల అమ్మ కూడా కావచ్చు. అందుకే ఇప్పుడు ఫోన్‌లో ఎవరైనా 'తేడా' అంటే నేను నవ్వడం లేదు. ఆ మాట వద్దని చెబుతున్నాను. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు వణికింది. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ బంధువు ఆ తర్వాత నెల రోజులు ఫోన్ చేయలేదు, అయినా చెప్పినందుకు నాకు బాధ లేదు.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్‌లో అన్ని కబుర్లూ అయ్యాక మనవరాలిని పిలవమంది. "ఆ రోజు మీ ఇంటికి వచ్చిన పిల్లాడు..." అని ఆగింది. "కాదు, ఆ పిల్ల..." మళ్లీ ఆగింది. స్క్రీన్ మీద కళ్లజోడు సర్దుకుని, మెల్లగా అడిగింది.

"మీ ఫ్రెండ్ బాగున్నారా తల్లీ?"

"బాగున్నారు అమ్మమ్మా. వచ్చే శనివారం మళ్లీ వస్తున్నారు."